మిషను మీద పేరు

సెంబవాంగ్‌లో మేముండే బ్లాకులో, మా పై అంతస్తులో ఒక మలయాళీ పెద్దావిడ ఉండేవారు. ఆవిడ మామగారు తెల్లవాళ్ళ కాలంలో ఇక్కడి నౌకా స్థావరంలో పనిచేశారట. ఈ ప్రాంతానికి కొత్తగా వచ్చినవాళ్ళకు కాన్‌బెర్రా, వెల్లింగ్టన్, అడ్మిరల్టీ అనే రోడ్ల పేర్లు వింతగా కనిపిస్తాయి. అవన్నీ ఆ స్థావరం వదిలి వెళ్ళిన గుర్తులే. యుద్ధ నౌకల కోసం కట్టిన పెద్ద డాక్ ఇక్కడ 1938లో ప్రారంభమైంది. 1968లో డాక్‌యార్డు సింగపూర్ ప్రభుత్వం చేతికి వచ్చింది. కేరళ నుంచి వచ్చి ఇందులో పనిచేసి, ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి.

ఆ పెద్దావిడ కొడుకు ఇంటికి మారిపోతూ, తన అత్తగారి కాలం నాటి కుట్టు మిషనును ఎవరికైనా ఇవ్వాలనుకున్నారు. పాత ఇనుముకి వేయడానికి ఆవిడకు మనసు ఒప్పలేదు. నేను మొహమాటానికి సరేనన్నాను. నల్లటి మిషను, మెడ మీద చెరిగిపోయిన బంగారు రంగు పూలు, కింద కాలితో తొక్కే పోత ఇనుము స్టాండు, అరిగిపోయిన తోలు బెల్టు. మా ఆవిడ దాన్ని చూసి, పూలకుండీ పెట్టుకోవడానికి బాగుంటుందంది. నాకు మాత్రం ఇంజనీరు బుద్ధి పోనిచ్చుకోలేక, ముందు అదేమిటో, ఎప్పటిదో తెలుసుకోవాలనిపించింది.

పాత సింగర్ మిషను వయసు కనుక్కోవడం మీరనుకున్నంత కష్టం కాదు. కుడిచేతి వైపు, చక్రం దగ్గర, అడుగు పలక మీద ఒక నంబరు అచ్చు గుద్ది ఉంటుంది. దుమ్ము తుడిచి టార్చి లైటు వేస్తే మా దాని మీద ఇ, బి అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు, తరువాత ఆరంకెలు కనిపించాయి. ఇ తో మొదలయ్యే ఈ జంట అక్షరాలు స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్ కర్మాగారానివి. కంపెనీ ఏ నంబర్లను ఎప్పుడు ఏ కర్మాగారానికి కేటాయించిందో జాబితాలు ఉన్నాయి. వాటి ప్రకారం ఇది 1930ల చివరిది. అంటే దాదాపుగా మా ఊరి డాక్ వయసే. ఇక మోడల్ సంగతి. బాబిన్ కేసు ఎడమ చివర నిలువుగా కూర్చుంటుంది. దారం బిగువు సరిచేసే మర కూడా ఎడమవైపు ముఖం పలక మీదే ఉంది. ఈ రెండూ చూస్తే అది పదిహేనో రకం అని తేలింది. మన దేశంలో దర్జీ కొట్లలో కనిపించే నల్ల మిషన్లు చాలావరకు ఈ పదిహేనో రకానికి నకళ్ళే.

ఆ రాత్రి మా అమ్మాయి, మిషను మీద రాసి ఉన్న సింగర్ అంటే పాటలు పాడేవాడా అని అడిగింది. కాదమ్మా, అది ఒక మనిషి పేరు అని చెప్పి, నాకు తెలిసిన కథ చెప్పాను. అది గాంధీగారు చెప్పిన కథ. 1924లో ఢిల్లీలో రామచంద్రన్ అనే శాంతినికేతన్ విద్యార్థి, మీరు యంత్రాలన్నిటికీ వ్యతిరేకమా అని ఆయన్ని అడిగాడు. కుట్టు మిషనుకు మాత్రం మినహాయింపు ఇస్తానన్నారు గాంధీగారు. భార్య చేత్తో కుడుతూ పడే అవస్థ చూడలేక, ఆమె మీద ప్రేమతో సింగర్ ఆ యంత్రాన్ని తయారుచేశాడని, ఆ ప్రేమ ఆమెకే కాక కుట్టుపని చేసే అందరికీ మేలు చేసిందని ఆయన భావం. మా అమ్మాయికి ఆ కథ చాలా నచ్చింది. మర్నాడు బడిలో కూడా చెప్పిందట.

తరువాత కొన్ని వారాలు సింగర్ జీవితం గురించి దొరికినవన్నీ చదివాను. చదివేకొద్దీ మా అమ్మాయి ముఖం చూడటానికి నాకు ఇబ్బందిగా అనిపించసాగింది.

ఐజాక్ మెరిట్ సింగర్ 1811 అక్టోబరు 27న అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని పిట్స్‌టౌన్‌లో పుట్టాడు. తండ్రి జర్మనీ నుంచి వలస వచ్చినవాడు. వాళ్ళ అసలు ఇంటిపేరు రైసింగర్. సింగర్‌కు పదేళ్ళ వయసప్పుడు తల్లిదండ్రులు విడిపోయారు. పన్నెండేళ్ళకే ఇల్లు వదిలి అన్నగారి పంచన చేరాడు. చదువు పెద్దగా అబ్బలేదు. పంతొమ్మిదేళ్ళకు ఒక మెషిన్ షాపులో పనివాడుగా చేరాడు. ఏ యంత్రాన్నయినా చూడగానే దాని మర్మం పట్టేసే చురుకుదనం అతనికి పుట్టుకతో వచ్చింది.

కానీ అతని మనసు యంత్రాల మీద లేదు, నాటకాల మీద ఉంది. ఆరడుగుల పైచిలుకు పొడవు, గంభీరమైన గొంతు. మన వైపు పద్యనాటకాల పిచ్చి పట్టినవాళ్ళను చూసినవారికి ఇతను బాగా అర్థమవుతాడు. షేక్‌స్పియర్ నాటకాల్లో వేషాల కోసం ఊళ్ళు పట్టుకు తిరిగాడు. డబ్బులు అయిపోతే ఏదో ఒక వర్క్‌షాపులో పనికి చేరడం, చేతిలో నాలుగు డబ్బులు పడగానే మళ్ళీ స్టేజీ ఎక్కడం, ఇదీ వరస. 1839లో కాలువ తవ్వకం పనిలో ఉండగా రాళ్ళకు బెజ్జాలు వేసే యంత్రం ఒకటి తయారుచేశాడు. దాని హక్కులకు 2000 డాలర్లు వచ్చాయి. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తం. ఆ డబ్బుతో సొంత నాటక సమాజం పెట్టి, మన సురభి వారిలా ఊరూరూ తిరిగాడు. కొన్నేళ్ళలో డబ్బంతా హరించుకుపోయింది.

సంసారం సంగతి ఇంకా గందరగోళం. 1830లో కేథరిన్ హేలీ అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. 1836లో బాల్టిమోర్‌లో మేరీ ఆన్ స్పాన్స్లర్ అనే యువతిని ఇష్టపడ్డాడు. భార్య ఉన్న సంగతి దాచి ఆమెను దగ్గర చేసుకున్నాడు. నిజం బయటపడ్డాక కూడా మేరీ ఆన్ అతనితోనే ఉండిపోయింది. పేదరికంలో, నాటకాల తిరుగుడులో అతనితో పాటు కష్టపడింది, పిల్లల్ని కన్నది, స్టేజీ మీద వేషాలు కూడా వేసింది. పెళ్ళి మాత్రం జరగలేదు.

కుట్టు మిషను సింగర్ ఒక్కడి సృష్టి కాదు. ఫ్రాన్సులో తిమోనియే అనే దర్జీ 1830లోనే ఒక మిషను చేశాడు. 1831లో పారిస్ దర్జీలు తమ పొట్ట కొడుతుందని అతని కర్మాగారం మీద పడి మిషన్లను పగలగొట్టారు. అమెరికాలో ఎలియాస్ హౌ అనే మెకానిక్ 1846లో పేటెంటు తీసుకున్నాడు. సూది మొన దగ్గరే కన్ను ఉండటం, పై దారం కింది దారంతో ముడిపడి కుట్టు పడటం, ఈ రెండూ అతని యంత్రంలో ఉన్నాయి. హౌ జబ్బుపడి ఉన్నప్పుడు భార్య కుట్టుపని చేసి ఇల్లు నడిపిందని, ఆమె చేతుల కదలిక చూస్తూ అతనికి ఆలోచన తట్టిందని ఒక కథ ఉంది. అతను ఇంగ్లండు వెళ్ళి చేతులు కాల్చుకుని 1849లో తిరిగి వచ్చేసరికి ఆమె క్షయతో చివరి దశలో ఉంది. గాంధీగారి కథలోని భర్తకు దగ్గరగా ఉన్నవాడు సింగర్ కాదు, ఈ హౌ అని నాకనిపించింది.

సింగర్ ఇందులోకి వచ్చింది 1850లో. అప్పటికి అతనికి దాదాపు 39 ఏళ్ళు. అచ్చు అక్షరాలు చెక్కే యంత్రం ఒకటి తయారుచేస్తే, న్యూయార్క్‌లో బాయిలరు పేలి అది నాశనమైంది. జీబర్ అనే పుస్తక ప్రచురణకర్త డబ్బు సాయం చేస్తే బోస్టన్ చేరి, ఫెల్ప్స్ అనే ఆయన వర్క్‌షాపులో చోటు అద్దెకు తీసుకున్నాడు. అక్షరాల యంత్రాన్ని ఎవరూ కొనలేదు. అదే వర్క్‌షాపులో వేరేవాళ్ళు రూపొందించిన కుట్టు మిషన్లు తయారవుతూ, ఎప్పుడూ రిపేరుకు వస్తూ ఉండేవి. వాటి సంగతి చూడమని ఫెల్ప్స్ అడిగితే సింగర్ మొదట తేలిగ్గా తీసిపారేశాడు. లాభం ఎంతో తెలిశాక కూర్చున్నాడు.

అతనికి కనపడిన లోపాలు ఇవి. వాటిలో షటిల్ గుండ్రంగా తిరుగుతోంది, దానివల్ల దారం పురి విడిపోతోంది. సూది వంకరగా ఉంది. సింగర్ షటిల్‌ను ముందుకీ వెనక్కీ తిన్నగా నడిపించాడు. సూదిని తిన్నగా చేసి పైనుంచి కిందికి దించాడు. బట్ట పరచడానికి బల్లలా చదునైన చోటు ఇచ్చాడు, బట్ట లేవకుండా పైన పాదం పెట్టాడు. దీంతో ఎంత పొడుగు బట్టనైనా, ఏ వంపులోనైనా తిప్పుతూ కుట్టవచ్చు. జీబర్ ఇచ్చిన 40 డాలర్లతో పదకొండు రోజుల్లో మిషను తయారైంది. మా పరిభాషలో చెప్పాలంటే, ఇతరులు రాసిన మాడ్యూళ్ళు తీసుకుని మొదటిసారిగా మామూలు మనిషి వాడగలిగేలా ఒక్కటిగా కూర్చినవాడు సింగర్.

పదకొండో రాత్రి సంగతి ఇలా చెప్పుకుంటారు. మిషను తిప్పితే కుట్టు పడలేదు. పై దారం ఉచ్చులు ఉచ్చులుగా వదులుగా వచ్చింది. పనివాళ్ళు విసుగెత్తి వెళ్ళిపోయారు. సింగర్, జీబర్ అర్ధరాత్రి బసకు వెళుతూ దారిలో చెక్కల గుట్ట మీద కూర్చున్నప్పుడు, పై దారానికి బిగువు పెట్టడం మరిచిపోయామని గుర్తుకొచ్చింది. వెనక్కి పరుగెత్తి అది సరిచేస్తే, దారం తెగేలోపు అయిదు కుట్లు చక్కగా పడ్డాయి. 1851 ఆగస్టు 12న పేటెంటు వచ్చింది.

నాకూ సరిగ్గా అదే గతి పట్టింది. మా మిషనుకు నూనె వేశాను, బెల్టు మార్చాను, కొత్త సూది పెట్టాను. చక్రం హాయిగా తిరుగుతోంది కానీ ఒక్క కుట్టు పడదు. బిగువు పెంచాను, తగ్గించాను. రెండు వారాలు డీబగ్ చేశాను. ఆ సమయంలోనే మా అమ్మ తణుకు నుంచి మా ఇంటికి వచ్చింది. ఒక నిమిషం చూసి, సూది ఊడదీసి తిప్పి పెట్టింది. సూదికి ఒక పక్క చదును ఉంటుంది, ఒక పక్క నిలువునా గాడి ఉంటుంది. దారం గాడి వైపు నుంచి ఎక్కాలి. కింద కొక్కెం చదును వైపు నుంచి వచ్చి దారం ఉచ్చును అందుకోవాలి. ఈ రకం మిషనుకు చదును ఎడమవైపు ఉండాలి, దారం కుడి నుంచి ఎడమకు ఎక్కించాలి. నేను చదును కుడికి పెట్టాను. కొక్కెం తిరుగుతూనే ఉంది, దానికి ఉచ్చు అందట్లేదు, అంతే. అమ్మ పాత లుంగీ గుడ్డ పెట్టి తొక్కితే కుట్టు బారుగా పడిపోయింది. ఇవన్నీ నీకెలా తెలుసని నేను అడగలేదు. ఆ సంగతి చివర్లో చెబుతాను.

సింగర్ కథకు వస్తే, పేటెంటు రాగానే తోటివాళ్ళ లెక్క మారిపోయింది. ఫెల్ప్స్ వాటా కొనేసి పంపేశారు. జీబర్ జబ్బుపడి ఉన్నప్పుడు, నువ్వు బతకవని డాక్టరు చెప్పాడని నమ్మించి, అతని వాటాను సింగర్ 6000 డాలర్లకు రాయించుకున్నాడు. జీబర్ బతికాడు. వాటా మాత్రం తిరిగి రాలేదు. కొత్త భాగస్వామిగా ఎడ్వర్డ్ క్లార్క్ అనే లాయరు వచ్చాడు. ఎలియాస్ హౌ పేటెంటు కేసు వేస్తే క్లార్కే పోరాడాడు. 1854లో ఓడి 15,000 డాలర్లు కట్టి రాజీపడ్డారు. 1856లో హౌతో పాటు పెద్ద కంపెనీలన్నీ తమ పేటెంట్లను ఒకచోట చేర్చి, ఎవరు మిషను తయారుచేసినా ఇంత అని రుసుము పంచుకునే ఏర్పాటు చేసుకున్నాయి. కోర్టుల ఖర్చు తగ్గి మిషన్ల తయారీ ఊపందుకుంది.

అమ్మడంలో సింగర్ నాటక అనుభవం పనికొచ్చింది. తిరునాళ్ళలాంటి ప్రదర్శనల్లో మిషను పెట్టి, కుట్టుపని చేసే పేదరాలి మీద థామస్ హుడ్ రాసిన పాట వినిపిస్తూ జనాన్ని పోగుచేసేవాడు. పెద్ద షోరూముల్లో ఆడపిల్లలనే కూర్చోబెట్టి కుట్టించేవారు, ఆడవాళ్ళు యంత్రం నడపలేరన్న అపోహ పోవడానికి. చిక్కల్లా ధరతోనే. మిషను వంద డాలర్ల పైన, మామూలు కుటుంబం ఏడాది రాబడి సుమారు 500 డాలర్లు. దీనికి 1856లో క్లార్క్ ఒక దారి కనిపెట్టాడు. కొంచెం ముందు కట్టి మిషను ఇంటికి తీసుకెళ్ళి, మిగతాది నెలనెలా కట్టడం. ఇవాళ మనం ఫ్లాటుకూ, కారుకూ కట్టే ఇ.ఎం.ఐ.కి ఇంటింటా అలవాటు చేసిన మొదటి వస్తువుల్లో కుట్టు మిషను ఒకటి. 1853లో 810 మిషన్లు అమ్మిన కంపెనీ, 1876లో రెండు లక్షల అరవై వేల పైన అమ్మింది. మగవాడి చొక్కా చేత్తో కుట్టడానికి పద్నాలుగు గంటలకు పైగా పట్టేది, మిషను మీద గంటంపావులో అయ్యేది.

సింగర్ కోటీశ్వరుడయ్యాడు. న్యూయార్క్‌లో మేడ, ముప్పై ఒక్కమంది కూర్చునేంత పెద్ద గుర్రపు బండి. 1860లో కేథరిన్‌కు విడాకులిచ్చాడు. ఇరవై నాలుగేళ్ళు ఎదురుచూసిన మేరీ ఆన్ ఇప్పుడైనా పెళ్ళవుతుందనుకుంది. కాలేదు. అదే ఏడాది ఆమె బండిలో వెళుతుండగా, ఎదురు బండిలో సింగర్ మేరీ మెక్‌గోనిగల్ అనే మరో స్త్రీతో కనిపించాడు. నడివీధిలో ఆమె అరిచింది. ఇంటికి వెళ్ళాక అతను ఆమెను కొట్టాడు. ఆమె కేసు పెట్టింది. అప్పుడు బయటపడింది, అదే నగరంలో అతను వేరువేరు పేర్లతో మరో రెండు సంసారాలు నడుపుతున్నాడని. సింగర్ యూరప్ పారిపోయాడు.

1863లో పారిస్‌లో పుట్టిన ఇసబెల్లా బోయర్‌ను పెళ్ళాడాడు. అదే ఏడాది భాగస్వామ్యం రద్దయి సింగర్ మాన్యుఫ్యాక్చరింగ్ కంపెనీ ఏర్పడింది. పేరు అతనిది, పెత్తనం ఇతరులది. పారిస్‌లో కాపురం పెట్టాడు కానీ, 1870లో యుద్ధం రావడంతో ఇంగ్లండులోని పేంటన్ చేరాడు. అక్కడ పెద్ద భవనం, అందులో సొంత నాటకశాల కట్టించడం మొదలుపెట్టాడు. చివరి వరకూ నాటకాల పిచ్చి పోలేదు. అది పూర్తికాకుండానే 1875 జులై 23న చనిపోయాడు. ఆస్తి కోటీ ముప్పై లక్షల డాలర్ల పైమాటే. పిల్లలు ఇరవైమందికి పైగా. మేరీ ఆన్ తానే అసలు భార్యనని కోర్టుకెక్కింది.

అతని పేరున్న మిషను మాత్రం ఆగలేదు. మన దేశంలో పటేల్ అనే పార్సీ ఏజెంటు దాన్ని ఊరూరా చేర్చాడు. 1880ల్లో మొదలైన క్లైడ్‌బ్యాంక్ కర్మాగారం 1980 వరకూ నడిచింది. అందులో తయారైన ఒక మిషను సముద్రాలు దాటి ఈ సెంబవాంగ్ చేరింది. కొన్నేళ్ళ పాటు ఒక మలయాళీ ఇల్లాలు దాని మీద పిల్లల బట్టలు కుట్టింది.

ఇదంతా తెలిశాక, మా అమ్మాయికి ఏం చెప్పాలా అని అమ్మను అడిగాను. సింగర్ గురించి మొత్తం చెప్పాను, మేరీ ఆన్‌ను కొట్టడంతో సహా. అమ్మ జాకెట్టు కుడుతూనే వింది. గాంధీగారు మంచివారు కాబట్టి ఆయనకు అలా కనిపించిందంది. ఆ మనిషి భార్యను మోసం చేశాడు గానీ మిషను తనను ఏనాడూ మోసం చేయలేదంది. పిల్లకు రెండూ చెప్పమంది.

అమ్మకు ఆ మాట అనే హక్కు ఉంది. మా నాన్న జీతం సరిపోని రోజుల్లో అమ్మ తణుకులో వీధి వరండాలో కూర్చుని జాకెట్లు, పరికిణీలు కుట్టేది. ఆ మిషను కూడా నెలసరి వాయిదాల మీద కొన్నదే. నా ఇంజనీరింగ్ ఫీజులో ఎన్ని జాకెట్ల డబ్బు ఉందో నేనెప్పుడూ లెక్క వేయలేదు. ఆ మిషను మీద బంగారు అక్షరాలతో మెరిట్ అని రాసి ఉండేది. బాగా చదివేవాళ్ళ ఇంటికే ఆ మిషను ఇస్తారని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. అందులో ఆర్ అక్షరం రెండుసార్లు ఎందుకుందో, మొన్న సింగర్ పూర్తి పేరు చదివేదాకా తెలియలేదు. సింగర్ కంపెనీ వాళ్ళే మన దేశంలో ఆ పేరుతో మిషన్లు అమ్మారు. నన్ను చదివించిన మిషను మీద ఉన్నదీ అతని పేరే.

మా అమ్మాయికి రెండు కథలూ చెప్పాను. కాసేపు ఆలోచించి, అయితే మేరీ ఆన్‌కు కుట్టడం వచ్చా అని అడిగింది. నాకు జవాబు తెలియదు. ఇప్పుడు శనివారాలు నాయనమ్మ దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది, కుడి నుంచి ఎడమకు.